మానాంగ్ లూడిన్ ఇచ్చేసిన ఆటగాడు

బాస్ నార్దింగ్ ఆఫీసు ఐస్ ఫ్యాక్టరీ మేడ మీద ఉంది. కింద మంచు దిమ్మలు పగలగొడుతుంటే ఆ అదురు కుర్చీ కోళ్లలోంచి ఎక్కి వెన్నులో తెలుస్తుంది. ఆ రోజు ఉదయం అక్కడ ముగ్గురు కూర్చున్నారు. ఫ్యాక్టరీకీ, రొయ్యల ఎగుమతికీ, కాపిజ్ పాగీ అనే బాస్కెట్‌బాల్ జట్టుకీ యజమాని నార్దింగ్. ముప్ఫై నాలుగేళ్ల కోచ్ ఎడ్సెల్. ఆటగాళ్లను ఎంపిక చేసే లుడివినా దిస్తూరా.

లుడివినాని కాపిజ్‌లోని రోహాస్ ఊళ్లో అందరూ మానాంగ్ లూడిన్ అంటారు, మనం అక్కయ్యా అన్నట్టు. యాభై మూడేళ్లు. అందులో ఇరవై రెండేళ్లు హైస్కూల్లో వ్యాయామం టీచరు. ఆ ఇరవై రెండేళ్లూ ఏ పేటలో పోటీ జరిగినా స్కోరు బల్ల దగ్గర కూర్చున్నది ఆవిడే. బాస్కెట్‌బాల్ ఆడని వీధి ఆ ఊళ్లో లేదు, ఆవిడ ఇంటిపట్టున ఉన్న సాయంత్రమూ లేదు. రాయమన్న పాయింట్లు రాసేది. పక్కనే సొంత నోటుబుక్కులో ఇంకోటి రాసుకునేది. బంతిని రింగులో వేసినవాణ్ని జనమంతా చూస్తారు. వాడికి దారి దొరకడానికి ఎదుటివాడికి రొమ్ము అడ్డం పెట్టి దెబ్బ కాచుకున్నవాడు ఎవడు? దొర్లిపోయే బంతి కోసం మోకాళ్లు చీరుకుపోయేలా నేల మీద పడ్డవాడు ఎవడు? వాళ్ల పేర్ల పక్కన గీతలు గీసుకునేది.

రెండేళ్ల కిందట నార్దింగ్ ప్రొఫెషనల్ లీగులో కొత్త జట్టు పెట్టినప్పుడు పేరున్న ఆటగాళ్లెవరూ కాపిజ్‌కి రామన్నారు. "లూడిన్, నీ బుక్కులో ఎవరున్నారో చూడు," అన్నాడాయన. ఆవిడ పన్నెండు మందిని చూపించింది. ఒక్కడికీ ఇరవై ఏడు దాటలేదు. చేపల రేవులో తొట్లు మోసే ఆరడుగుల ఆరంగుళాల జోబెల్ అందులో ఒకడు. ఆవిడ కొడుకు డెల్ఫిన్ ఇంకొకడు.

మొదటి ఏడాది ఇరవై రెండు ఆటల్లో మూడు గెలిచారు. రెండో ఏడాది సగం గడిచేసరికి మళ్లీ ఆ మూడే. ఎనిమిది ఓడారు.

"ఈసారి ప్లేఆఫ్స్‌కి పోకపోతే జట్టుని వేరే ఊరివాళ్లకి అప్పజెప్పేస్తా," అన్నాడు నార్దింగ్. "సురిగావ్ జట్టువాళ్లు జోబెల్‌ని అడుగుతున్నారు. బదులుగా మనీలాలో ఆడొచ్చిన సీనియర్‌ని ఇస్తారట. ముప్ఫై ఆరేళ్లవాడు. వాడొస్తే ఆటకి ఇరవై పాయింట్లు గ్యారంటీ. ఏమంటావు ఎడ్సెల్?"

కోచ్ నేలచూపులు చూశాడు.

"జోబెల్‌ని ఇవ్వకండి బాస్," అంది లూడిన్. "వాడు కోర్టులో ఉన్నప్పుడు ఎదుటివాళ్లు రింగు దగ్గరికి రావడానికే జంకుతున్నారు. ఇంకో రెండేళ్లలో ఈ లీగులో వాణ్ని మించినవాడు ఉండడు. ఆ పెద్దాయన రెండేళ్లలో ఇంట్లో మనవల్ని ఆడిస్తుంటాడు."

"మరి ఎవర్నివ్వమంటావు? ఊరికే ఎవడిస్తాడు?"

మూడు వారాలుగా ఆ మాట ఆవిడ గొంతులో ముల్లులా ఉంది. మింగలేదు, కక్కలేదు. మొగుడితో కూడా అనలేదు.

"డెల్ఫిన్‌ని ఇవ్వండి. వాళ్ల బెంచీ మీద జునార్ అని ఇరవై ఒక్కేళ్లవాడున్నాడు. ఆటకి తొమ్మిది నిమిషాలు కూడా ఆడనివ్వట్లేదు. వాణ్ని తీసుకోండి."

నార్దింగ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "కాకిపిల్ల కాకికి ముద్దంటారు. నువ్వేంటి, నీ పిల్లనే గూట్లోంచి తోసేస్తున్నావు? వాడు మన జట్టులో అందరికంటే ఎక్కువ పాయింట్లు వేస్తున్నాడు లూడిన్!"

"వేస్తున్నాడు. వాడు వేస్తుంటే మిగతా నలుగురూ నిలబడి చూస్తున్నారు. ఆఖరి ఐదు నిమిషాల్లో మనవాళ్లు పదహారు సార్లు బంతి వేస్తే, పదమూడు సార్లు వేసింది వాడే. కాలు మెలికపడి వాడు రెండాటలు కూర్చున్నాడు గుర్తుందా? మొదటిది రెండు పాయింట్ల తేడాతో ఓడాం. ఇంకోటి తొమ్మిది తేడాతో గెలిచాం. వాడు చెడ్డ ఆటగాడు కాదు బాస్. వీళ్లు కుర్రాళ్లు. కళ్ల ముందు హీరో ఉంటే చూస్తూ ఉండిపోతారు, ఎదగరు."

కోచ్ అప్పుడు తల ఎత్తాడు. "నేనే చెబుదామనుకున్నా మానాంగ్. మీ మొహం చూసి నోరు రాలేదు."

"నాకొక్కటి చాలు," అందావిడ. "వాడికి నేనే చెబుతా. మధ్యాహ్నం దాకా ఎవరూ ఫోన్ చెయ్యకండి."

ఇంటికెళ్లేసరికి డెల్ఫిన్ అన్నం ముందు కూర్చున్నాడు. కందులూ పనసకాయా పంది మాంసమూ వేసి పుల్లగా కాచిన పులుసంటే వాడికి ప్రాణం. ఆవిడ ఆ ఉదయం చీకటితో లేచి అదే వండి వెళ్లింది. ఎందుకు వండిందో అప్పుడు తనకే తెలియదు. మొగుడు బెర్టింగ్ తను అద్దెకి నడిపే ట్రైసికిల్‌ని, పక్కబండి తగిలించిన ఆ మోటారుసైకిల్‌ని, గుమ్మంలో ఆపి, చొక్కాతో మెడ తుడుచుకుంటూ లోపలికొచ్చాడు.

లూడిన్ కొడుకు ఎదురుగా కూర్చుని, నాన్చకుండా చెప్పేసింది. డెల్ఫిన్ చెంచా గిన్నెలోనే ఆగిపోయింది.

"ఎవరన్నారు ఈ మాట? నార్దింగా? ఎడ్సెలా?"

"నేను."

"తమాషాలొద్దు నానాయ్."

"తమాషా కాదు టోటో. నేనే అన్నాను." ఆ ఊళ్లో అమ్మని నానాయ్ అంటారు, అబ్బాయిని టోటో అంటారు.

వాడు తండ్రి వైపు చూశాడు. బెర్టింగ్‌కీ ఇదే వినడం.

"ఎనిమిదేళ్లప్పుడు నీ స్కోరు బల్ల కింద పడుకుని నిద్రపోయేవాణ్ని," అన్నాడు డెల్ఫిన్. గొంతు పెరగలేదు, అదే ఆవిడని ఎక్కువ భయపెట్టింది. "ఊళ్లో పిల్లలందరికీ అమ్మలు ఇంట్లో ఉండేవాళ్లు. నాకు నీ చెప్పులు కనిపించేవి. అయినా ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఎందుకో తెలుసా? ఒకరోజు ఆ బుక్కులో నా పేరు పక్కన కూడా గీతలు పెడతావని. ఎన్ని పెట్టావు నానాయ్? చెప్పు."

ఆవిడ పులుసు గిన్నె వాడి వైపు జరిపింది. వాడు లేచి చెయ్యి కడుక్కున్నాడు. సురిగావ్ దారిలో ఇలోయిలో ఊరెళ్లే రెండు గంటల బస్సుకి తండ్రి ట్రైసికిల్ మీదే వెళ్లాడు. వాకిట్లో నిలబడ్డ తల్లి వైపు తిరిగి చూడలేదు.

జునార్ మూడో రోజున వచ్చాడు. సన్నగా, చేతులు మోకాళ్ల దాకా వేలాడుతూ, భాష సరిగ్గా రాక బిక్కచూపులు చూస్తూ. డెల్ఫిన్ వేసుకున్న ఏడో నంబరు బనియన్ ఇస్తే వద్దన్నాడు. "అది ఆయనది," అన్నాడు. జోబెల్ పకపక నవ్వి, "అయితే బనియన్ లేకుండా ఆడతావేంట్రా?" అని తన పాత బనియన్ ఒకటి వాడి మీదికి విసిరాడు.

కోచ్ ఎడ్సెల్ కొత్త నియమం పెట్టాడు. బంతి చేతికొచ్చాక రెండుసార్లకి మించి నేలకి కొట్టకూడదు. మూడోసారి ఎవడు కొట్టినా పన్నెండు మందీ కోర్టు చుట్టూ పరుగెత్తాలి. మొదటి వారం అంతా పరుగే. లూడిన్ గోడ పక్కన నిలబడి గట్టిగా లెక్కపెట్టేది: "ఒకటి! రెండు! ఇవ్వు!" కుర్రాళ్లు రాత్రిళ్లు కలలో కూడా ఆ కేకే వినపడుతోందని ఏడిపించేవాళ్లు. ముసలి జట్లకి లేనిదీ, తమకున్నదీ ఒక్కటే, కాళ్లు. ఆఖరిదైన నాలుగో క్వార్టర్లో కూడా మొదటి క్వార్టర్లాగే పరుగెత్తగలిగితే చాలు, ఎదుటివాళ్లే రొప్పుతూ చేతులెత్తేస్తారని ఎడ్సెల్ పట్టు.

అయినా ఆ తర్వాతి రెండాటలూ ఓడారు. రెండో దానిలో సొంత ఊరి జనమే లేచి, "డెల్ఫిన్! డెల్ఫిన్!" అని అరిచారు. లూడిన్ నోటుబుక్కు మీంచి తల ఎత్తలేదు. చెవులు మాత్రం మంటపెట్టినట్టు ఎర్రబడ్డాయి. మర్నాడు బజారుకెళ్తే ఎండుచేపలమ్మే పురా నలుగురికీ వినపడేలా అంది: "ఏం మానాంగ్, చేపలు కావాలా? మీ ఇంట్లోనే అమ్మకాలు బాగా సాగుతున్నాయట కదా!"

చుట్టూ నవ్వులు. లూడిన్ అరకిలో తూయించుకుని, "నీ దగ్గర రాయి తక్కువ తూగుతోంది పురా, ముందది చూసుకో," అని వచ్చేసింది.

ఇంట్లో బెర్టింగ్ అరవలేదు, తిట్టలేదు. మాటలు మాత్రం పొదుపుగా వాడటం మొదలెట్టాడు. డెల్ఫిన్ ఆదివారాలు తండ్రికే ఫోన్ చేసేవాడు. ఆయన వాకిట్లోకెళ్లి మాట్లాడి వచ్చి, పొయ్యి వైపు చూస్తూ చెప్పేవాడు: "వాడు బాగానే తింటున్నాడట." ఇంకో వారం: "వాణ్ని బెంచీ మీద కూర్చోబెడుతున్నారట. ఆడించేది ఇరవై నిమిషాలేనట."

మూడో ఆట నుంచి పరిస్థితి మారింది. జునార్ ఎదుటి జట్టులో ఎవరు బాగా ఆడితే వాణ్ని పట్టుకుని వదలడు. తిండి దగ్గర మాట పెగలని కుర్రాడు కోర్టులో జలగ. జోబెల్ వెనకాల గోడలా నిలబడితే ముందున్న నలుగురికీ ధైర్యం వచ్చింది. ఒకే ఆటలో ఏడుగురు పదేసి పాయింట్లకి దగ్గరగా వెళ్లారు. ఒకటి గెలిచారు, రెండు, మూడు. ఎనిమిది ఆటల్లో ఏడు గెలిచారు. పురా ఒకరోజు అడగకుండానే రెండు ఎండు స్క్విడ్ చేపలు ఎక్కువ వేసింది, మొహం మాత్రం పక్కకి తిప్పుకుని.

చివరికి లెక్క ఇక్కడికొచ్చి ఆగింది. ప్లేఆఫ్స్‌లో ఒక్క చోటు మిగిలింది. కాపిజ్ పది గెలిచింది, పదకొండు ఓడింది. సురిగావ్ కూడా అంతే. ఆఖరి ఆట ఆ రెండింటికే, అదీ రోహాస్‌లో. గెలిచినవాళ్లు లోపలికి, ఓడినవాళ్లు ఇంటికి. సురిగావ్ సీనియర్ పిక్క పట్టేసి మంచం మీదున్నాడు. కాబట్టి ఆఖరి బంతులు ఎవరి చేతికొస్తాయో ఊరందరికీ తెలుసు.

ఆట రోజు ఉదయం ఎడ్సెల్ లూడిన్ ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మన్నా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మానాంగ్, ఇది అడగకూడదు. కానీ అడక్క తప్పదు."

"కూర్చో."

"డెల్ఫిన్‌ని ఎలా ఆపాలి?"

వెనక గదిలో బెర్టింగ్ దగ్గు ఆగిపోయింది. లూడిన్ చెప్పింది. అలిసిపోతే వాడు ఎడమవైపే వెళ్తాడు. రెండడుగులు లోపలికి, ఒకడుగు వెనక్కి, అప్పుడు వేస్తాడు. కుడి భుజం చిన్నప్పుడు దెబ్బతింది, అటు నుంచి ఒత్తిడి పెడితే చిరాకుపడతాడు. వాడి జ్వరాలూ, పడ్డ పళ్లూ, భయాలూ తెలిసిన నోటితోనే ఇదీ చెబుతోంది.

"ఆఖరి సెకన్లలో?" అన్నాడు ఎడ్సెల్.

"ఆఖరి సెకన్లలో పాస్ ఇవ్వడు. ఎప్పుడూ ఇవ్వలేదు. జునార్‌తో పాటు జోబెల్‌ని కూడా వాడి మీదికి పంపు. మూలనున్నవాణ్ని వదిలెయ్."

సాయంత్రం ఆటకి బయల్దేరబోతే బెర్టింగ్ గదిలోంచి సురిగావ్ బనియన్ వేసుకుని వచ్చాడు. వీపు మీద దిస్తూరా అని పేరు. ఎప్పుడు తెప్పించుకున్నాడో.

"ఇదేంటి?" అందావిడ. "ఊరంతా మన జట్టు వైపుంటే నువ్వొక్కడివీ..."

"నీ జట్టుకి నువ్వున్నావు. మరి వాడికెవరున్నారు?" అన్నాడు. ట్రైసికిల్‌లో పక్కపక్కనే కూర్చుని వెళ్లారు.

ఆట మొదట్నుంచీ గొంతు మీద కత్తిలాగే నడిచింది. ఎవరికీ ఐదు పాయింట్లకి మించి తేడా దొరకలేదు. జోబెల్‌కి మూడో క్వార్టర్లోనే నాలుగు ఫౌళ్లు పడ్డాయి, ఇంకొకటి పడితే బయటికి. జునార్ కనుబొమ్మ చిట్లి రక్తం కారితే ప్లాస్టరు వేయించుకుని మళ్లీ దిగాడు. డెల్ఫిన్ అప్పటికి పద్నాలుగు వేశాడు. జనం వాణ్ని మొదట్లో చప్పట్లతో పిలిచారు, తర్వాత ఈలలతో తిట్టారు. వాడు తల్లి కూర్చున్న బల్ల ముందు నుంచి పదిసార్లు పరుగెత్తాడు. ఒక్కసారీ చూడలేదు.

పదకొండు సెకన్లున్నాయి. కాపిజ్ డెబ్భై ఎనిమిది, సురిగావ్ డెబ్భై ఏడు. బంతి సురిగావ్‌ది. టైమవుట్ అయ్యాక ఐదుగురూ బయటికొచ్చారు. లూడిన్ పెన్ను నోటుబుక్కు మీద పెట్టేసింది. ఏం కోరుకోవాలో ఆవిడకి తెలియలేదు. దేవుణ్ని అడగబోయి, ఎవరి తరఫున అడగాలో తేలక మానేసింది.

బంతి డెల్ఫిన్ చేతికొచ్చింది. ఎదురుగా జునార్. ఎనిమిది సెకన్లు. డెల్ఫిన్ ఎడమకి కదిలాడు. ఒకడుగు, రెండడుగులు. జోబెల్ రింగు వదిలి దూకుడుగా వచ్చాడు. నాలుగు చేతులు వాడి మొహం ముందు లేచాయి. డెల్ఫిన్ ఒకడుగు వెనక్కి వేశాడు, గాల్లోకి లేచాడు. కొడుకు మోచెయ్యి వంగడం లూడిన్‌కి స్పష్టంగా కనిపించింది.

వాడు వెయ్యలేదు. గాల్లో ఉండగానే బంతిని జోబెల్ చంక కిందినుంచి మూలకి విసిరాడు. అక్కడ సురిగావ్ ఆటగాడు ఒక్కడే, చుట్టూ ఎవరూ లేరు. మూడు సెకన్లు. తీరిగ్గా పట్టి, తీరిగ్గా వేశాడు.

బంతి రింగు వెనక అంచుకి తగిలి, ముందు అంచు మీద ఒకసారి తిరిగి, బయటికి పడింది. జునార్ దాన్ని పొట్టకి హత్తుకుని నేల మీద ముడుచుకున్నాడు. హారన్ మోగింది.

కప్పు ఎగిరిపోయేలా జనం లేచారు. చెమటకి బనియన్లు తడిసిన కుర్రాళ్ల మధ్య నార్దింగ్ గెంతుతున్నాడు. లూడిన్ కుర్చీలోనే ఉండిపోయింది. తన సలహా తప్పింది. ఆ బంతి వేలెడు ఇటు పడుంటే కుర్రాళ్ల రెండేళ్ల చెమట తన మాట వల్లే నీళ్లపాలయ్యేది. ఇక డెల్ఫిన్, వాడు చెయ్యాల్సిందే చేశాడు. ఇరవై ఆరేళ్లు పక్కనుండి తను నేర్పలేనిది వాడు నాలుగు నెలల్లో పరాయి ఊళ్లో నేర్చుకున్నాడు. అక్కడున్న నాలుగు వేల మందిలో ఆ సంగతి ఎంతమందికి పట్టిందో.

సురిగావ్ గది బయట వరండాలో బెర్టింగ్ కొడుకు భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఆవిణ్ని చూసి చెయ్యి తీసి పక్కకి జరిగాడు.

"గెలిచారుగా నానాయ్," అన్నాడు డెల్ఫిన్. "వెళ్లి మీవాళ్లతో కేకు తిను."

"ఆ పాస్ సరైనదే."

"తెలుసు."

"ఆ మూలనున్నవాడి బంతి పడుంటే..."

"పడలేదుగా." వంగి షూ లేసులు విప్పుకున్నాడు. "ఇద్దర్ని పంపమన్నది నువ్వే కదూ?"

"నేనే."

"అనుకున్నా. జోబెల్‌కి అంత బుర్ర లేదు." నవ్వబోయి ఆగాడు. కళ్లు తడిగా ఉన్నాయి. "నేను పాస్ ఇవ్వనని చెప్పుంటావు."

ఆవిడ తలూపింది. లోపల్నుంచి ఎవరో పిలిస్తే వెళ్లిపోయాడు. వాళ్ల బస్సు వెళ్లేదాకా మొగుడూ పెళ్లాం వరండాలోనే ఉన్నారు.

మర్నాడు ఉదయం ఐస్ ఫ్యాక్టరీ మేడ మీద నార్దింగ్ ఆవిణ్ని ఆకాశానికెత్తేశాడు. ఆవిడ ఆపింది. "బాస్, ఆఖరి బంతి దగ్గర నా మాట విన్నందుకు మనం ఓడాల్సింది. అదృష్టం మనవైపుంది, అంతే. మిగతావి పొగడండి, అది వద్దు." నార్దింగ్ బుర్ర గోక్కున్నాడు. ఎడ్సెల్ మాత్రం, "నేనైనా ఆ ఇద్దర్నే పంపేవాణ్ని మానాంగ్," అన్నాడు.

ప్లేఆఫ్స్‌లో మొదటి మెట్టులోనే అందరికంటే పై జట్టు తగిలింది. మూడాటల్లో ఒకటి గెలిచి రెండు ఓడారు. ఆ ఒక్కటి గెలిచిన రోజు ఊళ్లో చేపల వేలం గంట ఆలస్యంగా మొదలైంది. నార్దింగ్ మళ్లీ జట్టుని అప్పజెప్పే మాటెత్తలేదు. మరుసటి ఏడాది అదే కుర్రాళ్లు సెమీఫైనల్ దాకా వెళ్లారు. జోబెల్ లీగులో అతి గట్టి డిఫెండర్ అనిపించుకున్నాడు.

డెల్ఫిన్ సురిగావ్‌లోనే ఉండిపోయాడు. డిసెంబరు పండక్కి రెండు రోజులు ఇంటికొచ్చాడు. మొదటి రోజు తల్లితో కావలసిన మాటలు మాత్రమే మాట్లాడాడు. రెండో రోజు మధ్యాహ్నం వాకిట్లో తండ్రి ట్రైసికిల్ చక్రం విప్పుతుంటే, పక్కన కూర్చున్న తల్లి దగ్గరికొచ్చి ఫోన్‌లో ఏదో ఆట పెట్టాడు.

"ఇది చూడు నానాయ్. కొత్త కోచ్ నన్ను కెప్టెన్‌ని చేశాడు. మా కుర్రాళ్లు నాలుగో క్వార్టర్లో చతికిలబడుతున్నారు. ఎక్కడ తప్పు జరుగుతోందో తెలీట్లేదు."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. కాసేపు చూసి, "నేను అవతలి జట్టుదాన్నిరా," అంది.

"ఈ రెండు రోజులు కాదులే."

బెర్టింగ్ పానా కింద పడేసి, "ఆ చక్రం కాస్త పట్టుకోండ్రా ఎవరైనా," అన్నాడు. ఇద్దరూ వినిపించుకోలేదు. లూడిన్ ఆటని మొదటికి తిప్పి, మళ్లీ చూడ్డం మొదలెట్టింది.